అడగకుండా వేసిన సూది, చెప్పకుండా దాచిన ఫలితం: క్యాన్సర్ పరీక్షల మీద పార్లమెంటులో ఏం అడగాలి?

మన్యం టీచరమ్మ
3 మార్చి 2025, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను భద్రాచలం వైపు పనిచేసే టీచర్ని. ముప్పై దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్, క్యాన్సర్ పరీక్షలు చేస్తారని మొన్న మా ఊళ్లో ఆశా అక్క ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఫిబ్రవరి 20 నుంచి మార్చి 31 దాకా దేశమంతా నడుస్తున్న కార్యక్రమమే ఇది. మా బడిలో వంట చేసే ఆమె నన్ను పక్కకు పిలిచి అడిగింది: "టీచరమ్మా, ఇది అప్పుడు పిల్లలకు ఏసిన సూది లాంటిదేనా?"

పదిహేనేళ్లు దాటింది. ఆమె మర్చిపోలేదు.

కొత్తవాళ్ల కోసం చెప్తున్నాను. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆపే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కలిసి చేపట్టిన ప్రాజెక్టు. ఇక్కడ సుమారు 14 వేల మందికి, గుజరాత్‌లోని వడోదరలో ఇంకో 10 వేల మందికి వేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. ఆ చావులకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ తేల్చింది. మన వైపు పిల్లల్లో ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాము కరిచి, ఇద్దరు పురుగుమందు తాగి పోయారని అందులో ఉంది.

2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం దీని మీద తన 72వ నివేదిక ఇచ్చింది. నా కడుపులో దేవినట్టు అనిపించింది అది చదివాకే. పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. వార్డెన్ తల్లి కాదు, తండ్రి కాదు. ఆ పిల్లల అమ్మానాన్నలు పది ఇరవై కిలోమీటర్ల దూరంలో గూడేల్లో ఉన్నారు. వాళ్లను అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు ఆ వంటామెకు నేనేం చెప్పాలి? పరీక్షకు వెళ్లమనే చెప్పాను. కానీ నా గొంతులో ధైర్యం లేదు.


సూటిమాట
3 మార్చి, రాత్రి 9:42

అందుకే ఈ టీకాలు, స్క్రీనింగులు ఏవీ నమ్మను. మన ఆడపిల్లలు కంపెనీలకు ఎలుకలయ్యారు. వంటామెకు వద్దనే చెప్పండి.


కడప డాక్టర్
3 మార్చి, రాత్రి 11:25

సూటిమాట గారూ, మీ కోపం అర్థమవుతోంది, కానీ మీ సలహా ప్రాణాంతకం. తప్పు జరిగింది అనుమతి దగ్గర. దానికి శిక్ష ఆ ఊరి ఆడవాళ్లకు పడకూడదు.

టీచరమ్మ గారూ, మీకు తెలియాల్సిన సంగతి ఇంకొకటుంది. ఖమ్మం గొడవ వల్ల 2010లో ప్రభుత్వం హెచ్‌పీవీ టీకా పరిశోధనలన్నీ ఆపేసింది. అప్పటికే దేశంలో తొమ్మిది కేంద్రాల్లో వేరే పరిశోధన ఒకటి నడుస్తోంది. రెండు డోసులు సరిపోతాయా, మూడు కావాలా అని చూసే పరిశోధన. మధ్యలో ఆగిపోయేసరికి దాదాపు 5 వేల మంది అమ్మాయిలకు ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. ఒక్క డోసు కూడా వైరస్ పాతుకుపోకుండా బాగానే కాపాడుతోందని 2021లో ఫలితాలు ప్రచురించారు. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు సరిపోతుందని చెప్పడానికి ఆధారమైన పరిశోధనల్లో మన అమ్మాయిలదీ ఒకటి. ఇవాళ పేద దేశాలు ఒక్క డోసుతో సరిపెట్టగలుగుతున్నాయంటే అందులో వీళ్ల వంతు ఉంది.

ఇది టీకా సంగతి. మీ వంటామెకు చేసే పరీక్ష వేరు, అందులో సూది లేదు. గర్భాశయ ముఖద్వారం మీద పలుచటి ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్ లాంటి ద్రవం దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. అనుమానం ఉన్న చోట తెల్లగా పొర కడుతుంది. దీన్ని వీఐఏ అంటాం. తమిళనాడు దిండిగల్‌లో ఈ పరీక్షతో చావులు 35 శాతం తగ్గాయి. మహారాష్ట్ర ఉస్మానాబాద్‌లో, ఆ వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష ఒక్కసారి చేసినందుకే చావులు దాదాపు సగానికి వచ్చాయి. వైరస్ సోకిన నాటి నుంచి క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పది నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. ఇంత గడువిచ్చే క్యాన్సర్లు తక్కువ. అయినా 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1.27 లక్షల మందికి ఇది వస్తోంది, దాదాపు 80 వేల మంది పోతున్నారు. నా ఓపీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మూడో దశలోనే వస్తారు. పక్క ఊరి నుంచే వస్తారు.


పల్లె క్లినిక్
4 మార్చి, ఉదయం 6:15

నేను ఆంధ్రాలో విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీని, అంటే డాక్టర్ లేని చోట క్లినిక్ చూసుకునే ఆరోగ్య ఉద్యోగిని. డాక్టర్ గారు చెప్పినదంతా నిజం. ఆ పరీక్ష ఎలాంటి చోట జరుగుతుందో కూడా తెలియాలి కదా.

మా క్లినిక్‌లో ఒకే గది. తలుపుకు గడియ పట్టదు, ఇటుక అడ్డం పెడతాం. లైటు పైన ఎక్కడో గోడకు ఉంటుంది, లోపల కనిపించదు. ఏఎన్‌ఎం అక్క ఫోన్ టార్చి పట్టుకుంటే నేను చూస్తాను. బయట బీపీ మాత్రల కోసం మగవాళ్లు లైన్లో నిలబడి ఉంటారు. బల్ల మీద పడుకున్న ఆవిడకు వాళ్ల మాటలు వినబడుతూనే ఉంటాయి. "ఇంకెంతసేపమ్మా" అని బయటి నుంచి ఒకాయన అరిచాడంటే బల్ల మీదావిడ లేచి చీర సర్దుకుని వెళ్లిపోతుంది. ఆవిడను తప్పు పట్టలేను.

రోజూ సాయంత్రానికి ఎంతమందిని చూశామో యాప్‌లో ఎక్కించాలి. నోరు తెరిపించి చూడటం తేలిక, అందుకే ఆ అంకె పెద్దది. రొమ్ము పరీక్షకు కొందరు ఒప్పుకుంటారు. కింద పరీక్ష అనగానే "ఈసారి చూద్దాంలే అమ్మా" అంటారు. తెల్లబట్ట అవుతోందా, మధ్యలో రక్తం కనిపిస్తోందా అని అడిగి సమాధానాలు రాసుకోవడం పరీక్ష కిందికి రాదు. కానీ పైనుంచి ఒత్తిడి ఉన్నప్పుడు ప్రశ్నకూ పరీక్షకూ మధ్య గీత చెరిగిపోవడం నేను కళ్లారా చూశాను. రాయడానికి బాధగా ఉంది, అయినా రాస్తున్నాను.


ప్రశ్నోత్తరాలు
4 మార్చి, మధ్యాహ్నం 1:05

పల్లె క్లినిక్ గారి పోస్టు ఢిల్లీలో చదవాల్సినది. నేను ఏళ్లుగా పార్లమెంటు ప్రశ్నలు, జవాబులు చదువుతున్నాను, అదొక అలవాటు. క్యాన్సర్ మీద ఎవరు ఏం అడిగినా జవాబు దాదాపు ఒకే మాటతో మొదలవుతుంది: ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశం. రాజ్యాంగంలో అది నిజమే, రాష్ట్ర జాబితాలో ఆరో అంశం. ఆ తర్వాత ఎంతమందిని స్క్రీన్ చేశారో కోట్లలో అంకెలు వస్తాయి. నోటి క్యాన్సర్‌ది పెద్దది, రొమ్ము క్యాన్సర్‌ది తర్వాత, గర్భాశయ ముఖద్వారానిది అన్నిటికంటే చిన్నది. కారణం పై పోస్టులో ఉంది.

ప్రభుత్వమే చేయించిన కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 2019-21లో 30-49 ఏళ్ల ఆడవాళ్లను ఇంటికెళ్లి అడిగితే, గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నామన్నవాళ్లు 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9 శాతం, నోటి పరీక్ష 0.9 శాతం. ఆ తర్వాత సంఖ్య పెరిగి ఉంటుంది, కాదనను. కానీ ఆరోగ్య కార్యకర్తను అడిగి రాసిన లెక్క, ఆడమనిషినే అడిగి రాసిన లెక్క ఒకటి కావు.

2022 సెప్టెంబరులో రాంగోపాల్ యాదవ్ అధ్యక్షతన ఉన్న స్థాయీ సంఘం క్యాన్సర్ మీద 139వ నివేదిక ఇచ్చింది. క్యాన్సర్‌ను తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుగా ప్రకటించమంది. 2024 జూలై 2న సుధామూర్తి గారు రాజ్యసభలో తన తొలి ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకా ఇవ్వాలని అడిగారు. బయట 1,400 రూపాయలున్న టీకాను ప్రభుత్వం బేరమాడి కొంటే 700, 800కు తేవచ్చన్నారు. మంచి మాట. ఈ ఫిబ్రవరి 1 బడ్జెట్లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామన్నారు, ఈ ఏడాదే 200.

ముందు టీకా ఉంది, చివర కీమో ఉంది. పల్లె క్లినిక్ గారి గదిలో బల్ల మీద పడుకున్న ఆవిడ ఈ రెంటి మధ్యా ఉంది. ఆవిడ గురించి సభలో నాకు ఎక్కువగా వినబడలేదు.


వంశధార
4 మార్చి, సాయంత్రం 5:50

నోటి పరీక్ష తేలిక అన్నారు కాబట్టి మా సిక్కోలు (శ్రీకాకుళం) సంగతి చెప్తాను. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, కాలుతున్న కొస నోట్లో పెట్టుకోవడం. పొలంలో ఉన్నా, చేపలు ఎండబెడుతున్నా, చంకలో పిల్ల ఉన్నా నోట్లో చుట్ట ఉండాల్సిందే. గాలికి ఆరిపోదు, బూడిద చీర మీద పడదు అనేది. మాట్లాడుతుంటే పెదాల మధ్య ఎర్రగా కనిపించేది. చిన్నప్పుడు అదో వింతగా చూసేవాళ్లం.

అంగిలి కాలి కాలి తెల్లగా మందంగా అయిపోయింది, మధ్యలో ఎర్రటి చుక్కలు. కారం తినలేకపోతున్నానంటే వయసు అనుకున్నాం. గంజి కూడా మింగలేని రోజున తీసుకెళ్తే అప్పటికే ఆలస్యం అయిపోయింది. మా వైపు ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ గురించి విశాఖ డాక్టర్లు ఎప్పుడో దశాబ్దాల కిందటే రాశారని నాకు తర్వాత తెలిసింది.

పల్లె క్లినిక్ గారూ, నాలుక, బుగ్గలు చూసి ఆపకండి. తల వెనక్కి వంచమని అంగిలి చూడండి. "చుట్ట కాలుస్తావా అమ్మా" అని ముసలమ్మలను కూడా అడగండి. ఆడవాళ్లని ఆ ప్రశ్న వదిలేస్తారు.


పల్లె క్లినిక్
4 మార్చి, రాత్రి 8:30

అన్నా, రాసిపెట్టుకున్నాను. మా దగ్గర అడ్డపొగ లేదు కానీ సిక్కోలు నుంచి ఇటుక బట్టీలకు వచ్చినవాళ్లు ఉన్నారు. రేపే వెళ్తాను.


ఓరుగల్లు బిడ్డ
5 మార్చి, ఉదయం 10:20

మా అమ్మ ముచ్చట చెప్త. ముప్పై నాలుగేండ్లకు తెల్లబట్ట అయితుందని టౌన్ల ఒక ప్రైవేటు దవాఖానకు పోయింది. ఒక్క స్కానింగ్ తీసిన్రు. "ఇట్లనే ఇడిశిపెడితే క్యాన్సరైతది" అన్నరు. బంగారం కుదువ వెట్టి మూడు దినాలల్ల గర్భసంచి తీపిచ్చినం. గర్భాశయ ముఖద్వార పరీక్ష చెయ్యలె. తీసిన దాన్ని పరీక్షకు పంపిన్రో లేదో కాయితం గూడ ఇయ్యలె. గిప్పుడు మా అమ్మకు నలభై ఆరు, బొక్కలు గుల్లైనయ్, నడుస్తే ఆయాసం.

మా వాడకట్టుల ఇంటికొకరు గిట్లనే ఉన్నరు. అందుకే "క్యాన్సర్ పరీక్ష" అంటె మా ఆడోళ్లకు "గర్భసంచి తీస్తరు" అనే ఇనవడ్తది. సిగ్గుతోని కాదు, గా భయంతోని వస్తలేరు.


కడప డాక్టర్
5 మార్చి, మధ్యాహ్నం 2:40

ఓరుగల్లు బిడ్డ గారు చెప్పింది మన రెండు రాష్ట్రాల గాయం. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. మా వృత్తివాళ్లు కొందరు క్యాన్సర్ అనే మాటను బెదిరింపుగా వాడుకున్నారు. డాక్టర్‌గా ఇది ఒప్పుకోవాల్సిన బాధ్యత నాకుంది.

వీఐఏలో తెల్లగా కనిపించిందంటే క్యాన్సర్ వచ్చిందని కాదు. చాలామందిలో అది మామూలు వాపో, ఇన్ఫెక్షనో అయి ఉంటుంది. కాల్పోస్కోపీ అని, పెద్దదిగా చూపే అద్దంతో దగ్గరగా చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. క్యాన్సర్‌కు ముందు దశ అయితే ఆ పొరను వేడితో కాల్చో, అతి చలితో గడ్డకట్టించో పోగొడతారు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. గర్భసంచి జోలికి పోవాల్సిన పని సాధారణంగా ఉండదు.

డే కేర్ కేంద్రాలు రావాలి, కీమో కోసం రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లే బాధ తప్పుతుంది. కానీ కీమో కుర్చీ దాకా రావాలంటే ముందు ఆ ముక్కను పరీక్షించిన బయాప్సీ రిపోర్టు ఉండాలి. దాన్ని చూసి చెప్పే పాథాలజిస్టు ఉండాలి. మా జిల్లాలో పీహెచ్‌సీ నుంచి చీటీ రాసి పంపినవాళ్లలో ఎందరు నా దాకా వచ్చారో నాకు లెక్క తెలియదు. రానివాళ్లను వెతికే మనిషిని ఎవరూ పెట్టలేదు.


డబ్లిన్ నుంచి
5 మార్చి, రాత్రి 11:50

నేను ఐర్లండ్‌లో నర్సుని, సొంతూరు తెనాలి దగ్గర. ఇక్కడ 25 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార పరీక్ష ఉచితం. గడువు రాగానే ఇంటికి ఉత్తరం వస్తుంది. అంతా సవ్యంగా ఉందనుకునే దేశంలో ఏం జరిగిందో చెప్తాను.

విక్కీ ఫెలన్ అనే ఆవిడకు 2011లో పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. 2014లో క్యాన్సర్ బయటపడింది. అప్పుడు అధికారులు పాత స్లైడును, అంటే అప్పటి పరీక్షలో గాజు పలక మీద తీసిన నమూనాను, మళ్లీ చూయిస్తే మొదట తప్పుగా చదివారని తేలింది. ఆ సంగతి ఆవిడకు 2017 దాకా చెప్పలేదు. కోర్టుకు వెళ్తే, ఆ స్లైడు చదివిన అమెరికా ల్యాబ్ 25 లక్షల యూరోలిచ్చి రాజీకి వచ్చింది. నోరు మూసుకుని ఉంటానని రాసివ్వమన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. 2018 ఏప్రిల్‌లో బయటికొచ్చి అందరి ముందూ చెప్పింది.

అప్పుడు తెలిసింది, అలాంటివాళ్లు రెండు వందల మందికి పైగా ఉన్నారని. చాలామందికి తమ గురించి తమకే తెలియదు. పార్లమెంటు దద్దరిల్లింది. ఆరోగ్య సేవల అధిపతి రాజీనామా చేశారు. గేబ్రియల్ స్కాలీ అనే వైద్యుడితో విచారణ వేస్తే, రోగికి నిజం చెప్పే పద్ధతే సరిగా లేదని ఆయన తేల్చారు. 2023లో తీవ్రమైన పొరపాట్లను రోగికి చెప్పి తీరాలని చట్టం తెచ్చారు. విక్కీ 2022 నవంబరులో చనిపోయింది. ఆ చట్టాన్ని చూడలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. గొడవ వేడిలో మంత్రి, కావాలన్నవాళ్లందరికీ మళ్లీ ఉచితంగా పరీక్ష చేస్తామని ప్రకటించారు. వేలమంది ఒక్కసారిగా వచ్చిపడ్డారు. ల్యాబ్‌లు తట్టుకోలేక ఫలితాలు నెలల తరబడి ఆగిపోయాయి. సభలో చప్పట్లు కొట్టించే మాట చెప్పే ముందు ల్యాబ్‌లో ఎంతమంది మనుషులున్నారో చూసుకోవాలి. సూటిమాట గారూ, అంత జరిగినా ఇక్కడి ఆడవాళ్లు పరీక్షలు మానేయలేదు. విక్కీ కూడా పరీక్ష చేయించుకోమనే చెప్పేది.


మన్యం టీచరమ్మ
6 మార్చి, ఉదయం 5:30

రాత్రి చదివి నిద్ర పట్టలేదు. మా పిల్లల తల్లిదండ్రులను సూది వేసే ముందు అడగలేదు. అక్కడ విక్కీకి పరీక్ష అయ్యాక చెప్పలేదు. రెండూ ఒకటే జబ్బు. మనిషిని లెక్కలోకి తీసుకోకుండా ఆవిడ ఒంటిని మాత్రం లెక్కలోకి తీసుకోవడం.

ప్రశ్నోత్తరాలు గారూ, పార్లమెంటు రెండో విడత సమావేశాలు పదో తారీకు నుంచి కదా? మా ఎంపీ చేత ఒక ప్రశ్న అడిగించగలమా?


ప్రశ్నోత్తరాలు
6 మార్చి, ఉదయం 9:15

తప్పకుండా. నోటీసుకు కనీసం 15 రోజుల గడువుండాలి, సమావేశాలు ఏప్రిల్ 4 దాకా ఉన్నాయి, ఇవాళ కదిలితే సరిపోతుంది. నక్షత్రం గుర్తు ప్రశ్న అయితే మంత్రి నిలబడి జవాబు చెప్పాలి, మన సభ్యుడు అనుబంధ ప్రశ్న కూడా వేయవచ్చు. గుర్తు లేనిదైతే కాగితం మీద జవాబొస్తుంది. "ఎంతమందిని స్క్రీన్ చేశారు" అని మాత్రం అడగకండి. ఆ అంకె వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది.

2018 మే 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పార్లమెంటు సంఘాల నివేదికలను కోర్టులు ఆధారంగా చూడవచ్చని తీర్పిచ్చింది. ఆ కేసు పుట్టింది మీ ఖమ్మం టీకా గొడవలోంచే. కాబట్టి ఉత్తరంలో 72వ నివేదిక ప్రస్తావన తప్పకుండా పెట్టండి. మీ ప్రాంతం నుంచి అడుగుతున్నప్పుడు దానికి బరువు వేరు.

నా ముసాయిదా, సరిదిద్దండి:

గర్భాశయ ముఖద్వార పరీక్షలో అనుమానం వచ్చిన మహిళల్లో కాల్పోస్కోపీ దాకా చేరినవారెందరు, ఎన్ని రోజులకు చేరారు, జిల్లాల వారీగా వివరాలేమిటి? బయాప్సీ ఫలితం అందినవారెందరు, చికిత్స మొదలైనవారెందరు? పరీక్షకు ముందు మహిళకు ఆమె భాషలో వివరించి అనుమతి తీసుకునే పద్ధతి ఏమిటి, ఫలితాన్ని రాతపూర్వకంగా ఇస్తున్నారా?


ఓరుగల్లు బిడ్డ
6 మార్చి, ఉదయం 9:50

"ఆమె భాషలో" అని వెట్టినందుకు దండాలు. కోయ భాష గూడ ఉండాలె గద టీచరమ్మా?


మన్యం టీచరమ్మ
6 మార్చి, ఉదయం 10:05

ఉండాలి. చేర్చాను.


సూటిమాట
6 మార్చి, మధ్యాహ్నం 12:30

మొదట నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. వంటామెకు వద్దని చెప్పమన్నాను, అది తప్పు. మా అక్కకు 41 ఏళ్లు, ఎప్పుడూ ఏ పరీక్షా చేయించుకోలేదు. ఈ ఆదివారం మాట్లాడతాను. నేను మగవాణ్ని, ఎలా మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి.


డబ్లిన్ నుంచి
6 మార్చి, సాయంత్రం 7:20

తమ్ముడూ, అక్కతో నేరుగా మీరు మాట్లాడొద్దు, మీ భార్యో అమ్మో మాట్లాడితే తేలిక. మీ వంతు పని వేరే ఉంది. ఆ రోజు అక్క పిల్లలను చూసుకోండి, బండి మీద తీసుకెళ్లి బయట కూర్చోండి. "ఇంకెంతసేపు" అని మాత్రం అరవకండి.


పల్లె క్లినిక్
16 మార్చి, రాత్రి 9:40

ఆలస్యమైంది, క్షమించండి. సర్పంచ్ గారి భార్యకు ఈ చర్చ చదివి వినిపించాను. మర్నాడే వడ్రంగిని పంపి తలుపుకు గడియ వేయించారు. ఏఎన్‌ఎం అక్క తన పాత చీర రెండు మడతలు వేసి బల్ల చుట్టూ తెర కట్టింది. మెడ వంగే టేబుల్ లైటు ఒకటి నేనే కొన్నాను. గురువారం మధ్యాహ్నం పూర్తిగా ఆడవాళ్లకే అని బోర్డు పెట్టాం, మగవాళ్ల మాత్రలు ఉదయమే ఇచ్చేశాం.

పదకొండు మంది వచ్చారు. ప్రతి ఒక్కరికీ ముందు బల్ల, దూది, సీసా చూపించి ఏం చేస్తామో చెప్పాను. "వద్దనిపిస్తే మధ్యలో ఆపమను, ఆపేస్తా" అన్నాను. ఇద్దరు ఆపమన్నారు, ఆపేశాను. వాళ్లలో ఒకావిడ టీ తాగి, కాసేపు కూర్చుని, మళ్లీ తనే వచ్చింది. ఇటుక బట్టీ దగ్గర వంశధార అన్న చెప్పినట్టే ఒక పెద్దావిడ అంగిలి తెల్లగా ఉంది. ఆమెను, వీఐఏలో తెల్లపొర కనిపించిన ఇంకొకావిడను జిల్లా ఆసుపత్రికి రాశాను. చీటీ చేతికిచ్చి ఊరుకోలేదు. సోమవారం ఉదయం ఏడు గంటల బస్సుకు ఆశా అక్కా నేనూ వాళ్లిద్దరితో వెళ్తున్నాం.


మన్యం టీచరమ్మ
16 మార్చి, రాత్రి 10:15

ఉత్తరం ఎంపీ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. మా వంటామె నిన్న పరీక్షకు వెళ్లొచ్చింది. ఫలితం కాగితం మీద రాసిమ్మని తనే అడిగి తెచ్చుకుందట. మడత పెట్టి రేషన్ కార్డులో దాచుకుంది. ఇవాళ మా ఇంటికి తెచ్చి నాతో రెండుసార్లు చదివించుకుంది.

చెల్లీ, సోమవారం ఏమైందో రాయి.